కత్తి పట్టిన బొమ్మను చూస్తే నవ్వెందుకొస్తుంది?

మనిషి నడుము దాకా కూడా రాని ప్లాస్టిక్ బొమ్మ వంటింటి కత్తి పట్టుకుని ఆరడుగుల మనిషి వెంట పడుతుంది. ఆ మనిషి ప్రాణభయంతో మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తుతాడు. ఒక్క తన్ను తంతే ఆ బొమ్మ గోడకు కొట్టుకుని పడుతుందని చూసేవాళ్లందరికీ తెలుసు. అయినా గుండె దడదడలాడుతుంది, దాంతోపాటే నవ్వూ వస్తుంది. ఒంగోలులోనో నెల్లూరులోనో ఇలాంటి సినిమాను నలుగురితో కలిసి చూస్తే ఈ రెండూ ఎంత దగ్గర చుట్టాలో అర్థమవుతుంది. ముందు ఒక కేక, దాని వెనకే నవ్వు, ఆ వెంటనే తెర మీది మనిషికి సలహాలు: "ఏందబ్బా అట్టా నిలబడ్డావు, దుప్పటేసి మూట కట్టెయ్!"

ఈ నవ్వును చాలామంది సినిమా లోపం కింద లెక్కేస్తారు. దెయ్యం సినిమా అన్నారు, చూస్తే నవ్వొచ్చింది అని పెదవి విరుస్తారు. మామూలు దెయ్యాల సినిమా సంగతి ఏమో గానీ, చంపే బొమ్మల సినిమాలకు ఆ లెక్క పనికిరాదు. భయం, నవ్వు రెండూ ఒకే బొమ్మలో ఇమిడేలా కట్టడమే వీటి అసలు పనితనం. ఆ పనితనానికి మూలాలు హాలీవుడ్‌లోనే వెతకక్కర్లేదు. తోలుబొమ్మలాట తెలిసిన నెల్లూరు, ప్రకాశం పల్లెలకు అది ఎప్పటి నుంచో పరిచయమే.

ముందు భయం సంగతి. 1906లో ఎర్నస్ట్ యెంచ్ అనే జర్మన్ మనోవైద్యుడు ఒక వ్యాసం రాశాడు. ఎదురుగా ఉన్న వస్తువుకు ప్రాణం ఉందో లేదో తేల్చుకోలేకపోయినప్పుడు మనసులో ఒక గుబులు పుడుతుందన్నాడు. మైనపు విగ్రహాలు, కీ ఇస్తే కదిలే బొమ్మలు అతని ఉదాహరణలు. 1919లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఇదే విషయం మీద రాస్తూ యెంచ్‌తో పూర్తిగా ఏకీభవించలేదు. బొమ్మకు ప్రాణం వస్తుందని పిల్లలు భయపడరు, రావాలనే కోరుకుంటారు అని గుర్తు చేశాడు. ఫ్రాయిడ్ చెప్పిన ఈ చిన్న మాటలోనే ఈ సినిమాల కిటుకంతా ఉంది. బొమ్మ లేచి మాట్లాడటం అనేది చిన్నప్పుడు ప్రతివాళ్లూ కన్న కల. బొమ్మకు పేరు పెట్టడం, దాని నోట్లో అన్నం కుక్కడం, పక్కలో పడుకోబెట్టుకోవడం ఆ కలలో భాగమే. సినిమా ఆ కలను నిజం చేసి చూపిస్తుంది, కాకపోతే వచ్చిన ప్రాణం దుర్మార్గుడిది. పాత కోరిక, కొత్త భయం ఒక్కసారే కదులుతాయి గనక చూసేవాడు ఏడవాలో నవ్వాలో తెలియని స్థితిలో పడతాడు.

కదలని బొమ్మకూ కదిలే బొమ్మకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. 2014లో వచ్చిన 'అన్నాబెల్' సినిమాలోని బొమ్మ తనంతట తాను నడవదు, నోరు తెరవదు. కుర్చీలో కూర్చుని చూస్తుంటుంది, అంతే. ఆ సినిమా చూస్తూ నవ్వేవాళ్లు తక్కువ. ఆ బొమ్మలో ఏముందో తెలియదు కాబట్టి టెన్షన్ తెగదు. బొమ్మ లేచి నాలుగు అడుగులు వేసిన క్షణంలో ఆ తెలియనితనం పోతుంది. చిన్న కాళ్లు, చిన్న చేతులు, బొద్దు బుగ్గలు, వాటికి తోడు కత్తి. అప్పటిదాకా నీడలా ఉన్న ప్రమాదానికి ఒక ఆకారం వస్తుంది, ఆ ఆకారం నవ్వు పుట్టించేలా ఉంటుంది. ఈ రెండో దారి పట్టిన సినిమాల్లో అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది చక్కీ.

డాన్ మాన్సిని కథతో టామ్ హాలండ్ దర్శకత్వంలో 'చైల్డ్స్ ప్లే' 1988లో వచ్చింది. పోలీసు తూటా తిని చావబోతున్న హంతకుడు ఒక బొమ్మల దుకాణంలో దూరి, మంత్రం చదివి తన ఆత్మను పిల్లలు ఆడుకునే బొమ్మలోకి పంపుతాడు. ఆ బొమ్మే చక్కీ. భర్త పోయిన ఒక తల్లి ఆ బొమ్మను కొడుకు పుట్టినరోజుకు కొంటుంది. దుకాణం ధర పెట్టలేక, వీధిలో తిరిగి అమ్ముకునేవాడి దగ్గర తక్కువకు తీసుకుంటుంది. బొమ్మ మాట్లాడుతోందని పిల్లవాడు ఎంత చెప్పినా పెద్దవాళ్లెవరూ నమ్మరు. సినిమా చాలాసేపు బొమ్మను కదలనివ్వదు. ఆ తరవాత వస్తుంది అసలు ఘట్టం. తల్లి ఖాళీ డబ్బాను ఎత్తి చూస్తుంది, బ్యాటరీలు అందులోంచి కింద పడతాయి. అంటే ఇన్నాళ్లూ ఆ బొమ్మ బ్యాటరీలు లేకుండానే మాట్లాడుతోంది. ఆ తల్లి వణుకుతూ బొమ్మను ఎత్తి, మాట్లాడకపోతే మంటలో పడేస్తానని బెదిరిస్తుంది. అంతే, బొమ్మ ముఖం మారిపోయి బండబూతులు లంకించుకుంటుంది.

ఈ ఒక్క సన్నివేశం గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్యాటరీలు కింద పడిన చప్పుడు దగ్గర భయం తారస్థాయికి చేరుతుంది. ఇక గుండె ఆగుతుందేమో అనుకున్న చోట తిట్లు మొదలవుతాయి. ఆ తిట్లలో మంత్రాలు, శాపాలు, గంభీరమైన దెయ్యపు భాష ఏవీ ఉండవు. సారా కొట్టు ముందు తన్నుకునే మనిషి నోటి మాటలవి. పసిపిల్లాడి ముఖంతో, నీలికళ్లతో ఉన్న బొమ్మ నోటి నుంచి అవి వస్తుంటే, బిగబట్టిన ఊపిరి నవ్వుగా బయటికొస్తుంది. నవ్వు వచ్చింది గదా అని భయం పోదు, బొమ్మ అప్పటికే ఆమె చెయ్యి కొరికేస్తుంటుంది. చక్కీకి గొంతిచ్చిన బ్రాడ్ డూరిఫ్ ఆ మాటలను ఎక్కడా కామెడీగా పలకడు. నిజంగా ఒళ్లు మండిన మనిషిలాగే పలుకుతాడు. అందుకే 1988లో మొదలైన ఆ గొంతును దశాబ్దాల పాటు జనం వదల్లేదు.

ఇదే పని తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మ కేతిగాడు చేసేవాడు. రామాయణంలో యుద్ధఘట్టం నడుస్తుంటుంది. తెర వెనక ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కలు టపటపా తొక్కుతుంటారు, రాక్షసుల తలలు తెగిపడుతుంటాయి. కాసేపటికి తెర మీదికి కేతిగాడో, జుట్టుపోలిగాడో, బంగారక్కో ఊడిపడతారు. ఇంట్లో పెద్దల ముందు అనలేని మాటలు ఆ బొమ్మలు అలవోకగా అనేస్తాయి. ఊరి పెత్తందారు మీద, అక్కడే కూర్చున్న జనం మీద చురకలు వేస్తాయి. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మళ్లీ రావణుడు వస్తే మళ్లీ భయపడతారు. ఆ మాటలు మనిషి అంటే తన్నులాట జరుగుతుంది. బొమ్మ అంటే చెల్లిపోతుంది. మేకతోలును శుభ్రం చేసి, చిల్లులు పొడిచి, రంగులు అద్దిన బొమ్మకు ఆ స్వేచ్ఛ ఉంది. చక్కీకి ఉన్నదీ ఆ స్వేచ్ఛే.

పోలిక ఇంతటితో ఆగదు. 1998లో రానీ యూ తీసిన 'బ్రైడ్ ఆఫ్ చక్కీ'లో చక్కీకి టిఫనీ అనే జోడీ వస్తుంది. ఆమె ఆత్మ కూడా బొమ్మలోకే చేరుతుంది, జెన్నిఫర్ టిల్లీ గొంతుతో. హత్యలు చేస్తూ దేశం మీద పడి పోయే ఆ రెండు బొమ్మలూ మధ్యమధ్యలో అచ్చమైన మొగుడూపెళ్లాల్లా తగువులాడుకుంటాయి. వండిపెట్టినందుకు గిన్నెలన్నా కడగవా అని ఆమె, అది నా పనా అని అతను. జుట్టుపోలిగాడు, బంగారక్కల గొడవ చూసినవాళ్లకు ఈ తగువు పరాయిదిగా అనిపించదు. మొదటి సినిమాలో మెరుపులా వచ్చిపోయిన నవ్వు ఇక్కడ సినిమా మొత్తానికీ పాకింది. కొందరు అభిమానులకు ఆ మార్పు నచ్చలేదు. నిజానికి చక్కీ అంతకాలం నిలబడటానికి ఆ మార్పే కారణం. ఒకే భయాన్ని పదిసార్లు చూపిస్తే అరిగిపోతుంది. మనిషి స్వభావం ఉన్న పాత్రను ఎన్నిసార్లు చూసినా ఇంకొంచెం చూడబుద్ధవుతుంది.

మనకు నవ్వించే దుష్టులు కొత్తేమీ కాదు. నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టిన రమణారెడ్డి వేసిన పాత్రల్లో ఎన్నో కుట్రలు, కొంపలు కూల్చే ఎత్తులు ఉంటాయి. ఆ సన్నటి ఒళ్లు, ఆ మెలికలు చూస్తే కోపానికి ముందే నవ్వొచ్చేది. ఆయన చిన్నమయ్యగా కనిపించిన 1957 నాటి 'మాయాబజార్'లో గిల్పం, గింబళి పెట్టే బాధలు కూడా గుర్తు చేసుకోవాలి. మంచం లాంటి వస్తువు, కంబళి లాంటి వస్తువు తమంతట తాము కదిలి మనుషులను ముప్పుతిప్పలు పెడతాయి. ప్రాణం లేనిది ఎదురుతిరిగితే భయపడాల్సిన చోట తెలుగువాళ్లు అప్పటికే హాయిగా నవ్వారు.

ఇంగ్లీషు విమర్శకులు ఈ రకం సినిమాల గుణాన్ని క్యాంప్ అంటారు. అతిశయం, కృత్రిమత్వం, వాటిని దాచుకోకుండా వేడుకగా చూపించడం దాని లక్షణాలు. 1964లో అమెరికన్ రచయిత్రి సూసన్ సొంటాగ్ దీని మీద రాసిన వ్యాసంలో, తెలియకుండా పుట్టిన క్యాంప్‌కూ కావాలని చేసిన క్యాంప్‌కూ తేడా చూపి, మొదటిదే మేలైనదన్నారు. చంపే బొమ్మల సినిమాలకు ఇది కొంతవరకే వర్తిస్తుంది. వీటిని తీసేవాళ్లకు తాము ఏం చేస్తున్నదీ బాగా తెలుసు. అయినా ఒక నియమం మాత్రం తప్పకూడదు. కథలోని మనుషులు తాము కామెడీలో ఉన్నామని తెలిసినట్టు నటించకూడదు. బొమ్మ ఎంత విడ్డూరంగా ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు అంత సీరియస్‌గా ఉండాలి. కేతిగాడు వచ్చినప్పుడు రాముడి పాత్ర పగలబడి నవ్వితే ఆట అక్కడితో చెడుతుంది.

ఈ నియమాన్ని ఈ మధ్య చక్కగా పాటించిన సినిమా 'మేగన్'. గెరార్డ్ జాన్‌స్టన్ దర్శకత్వం, అకీలా కూపర్ రచన. సుమారు 1.2 కోట్ల డాలర్లతో తీసిన ఈ సినిమా 2023 జనవరిలో విడుదలై ప్రపంచమంతటా సుమారు 18 కోట్ల డాలర్లు రాబట్టింది. అందులో నాలుగడుగుల మరబొమ్మ ఒక ఆఫీసు కారిడార్‌లో మనిషిని వెంటాడుతూ, ఉన్నట్టుండి డ్యాన్స్ చేస్తుంది. ఎందుకు చేస్తుందో కథలో కారణం లేదు. కాళ్లు, చేతులు, నడుము వింతగా తిప్పి, ఆ ఊపులోనే కాగితాలు కోసే యంత్రం నుంచి కత్తిని పీకుతుంది. వెంటాడుతున్న బొమ్మకు తొందరేమీ లేదు, తన మీద తనకు అంత నమ్మకం ఉంది అని ఆ డ్యాన్స్ చెబుతుంది. అది నవ్వించేదీ అందుకే, జడిపించేదీ అందుకే. సినిమా రాకముందే ఆ ముక్క ఫోన్లలో తిరిగి, కుర్రకారు దాన్ని అనుకరిస్తూ వీడియోలు చేసుకున్నారు. 2025లో వచ్చిన రెండో భాగం భయాన్ని పక్కనపెట్టి యాక్షన్ బాట పట్టింది. మొదటి సినిమా వసూళ్లలో నాలుగో వంతు కూడా రాలేదు. మేగన్‌ను హీరో పక్షాన నిలబెట్టాక ఆమెను చూసి భయపడటానికి ఏమీ మిగల్లేదు, భయం లేని చోట ఆ నవ్వుకు పదును రాలేదు.

బొమ్మ చేతిపని కావడం కూడా ఈ ఆకర్షణలో పెద్ద భాగం. తొలి చక్కీని కెవిన్ యాగర్ తయారు చేశాడు. తీగలతో, రేడియో కంట్రోల్‌తో పలువురు కలిసి ఆడించేవాళ్లు. బొమ్మ నడిచే, పరుగెత్తే కొన్ని చోట్ల ఎడ్ గేల్ అనే పొట్టి నటుడు ఆ వేషం వేశాడు. అతను ఇంకా చిన్నగా కనిపించాలని సెట్‌ను మామూలు కన్నా పెద్దదిగా కట్టారు. మేగన్‌కు ఎమీ డోనల్డ్ అనే న్యూజిలాండ్ అమ్మాయి ముసుగు వేసుకుని ఒళ్లు అరువిచ్చింది, జెన్నా డేవిస్ గొంతిచ్చింది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మ నున్నగా కదులుతుంది, చూసి మర్చిపోతాం. చేత్తో ఆడించే బొమ్మ కదలికలో చిన్న తడబాటు ఉంటుంది. దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉందని చూసేవాడి మనసుకు తెలుస్తూనే ఉంటుంది. తెలిసీ నమ్మడంలోనే ఆ సుఖం. తోలుబొమ్మ వెనక దీపం, వెదురు పుల్ల, ఆటగాడి చెయ్యి కనిపిస్తున్నా సీత ఏడిస్తే జనం ఏడ్చారు.

ఇంతదాకా చెప్పింది ఆట సంగతి. ఈ సినిమాల అడుగున ఒక బరువైన విషయం కూడా ఉంది, దాన్ని దాటిపోతే వీటి విలువ సగమే తెలుస్తుంది. చక్కీ కథలో తల్లి రోజంతా పనిలో ఉంటుంది, బొమ్మ ఆమె బదులు కొడుక్కి తోడు. మేగన్ కథలో తల్లిదండ్రులు ప్రమాదంలో పోయిన పాప పిన్ని దగ్గరికి చేరుతుంది. బొమ్మల కంపెనీలో పనిచేసే ఆ పిన్నికి పాపతో ఎలా మెలగాలో తెలియదు. తెలిసిన పని ఒక్కటే, యంత్రం తయారు చేయడం. చేస్తుంది. ఆ యంత్రం పాపకు కథలు చెబుతుంది, పాట పాడి ఓదారుస్తుంది, చేతులు కడుక్కోమని గుర్తుచేస్తుంది. పాప పిన్నిని మర్చిపోయి బొమ్మకు అతుక్కుపోతుంది. బొమ్మ హంతకిగా మారేది ఆ తరవాతే.

ఇది అమెరికా కథేనా? కనిగిరి, పామూరు వైపు మెట్ట పల్లెల నుంచి బేల్దారి పనులకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పోయే ఆలుమగలు పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి వెళతారు. నెల్లూరు జిల్లా నుంచి కువైట్‌లో ఇళ్లలో పనికి పోయిన తల్లులు ఎందరో. రెండేళ్లకో మూడేళ్లకో వస్తూ వాళ్లు తెచ్చే సామానులో సెంటు సీసాలు, దుప్పట్ల పక్కన ఒక బొమ్మ ఉంటుంది. పడుకోబెడితే కళ్లు మూసుకుని, లేపితే తెరిచే బొమ్మ. నొక్కితే ఏదో భాషలో పాడే బొమ్మ. తల్లి ఇవ్వలేని సమయాన్ని ఆ బొమ్మ తీర్చాలి. ఇప్పుడు బొమ్మ స్థానంలోకి ఫోన్ వచ్చింది, ముద్ద నోట్లో పెట్టాలంటే ముందు ఫోన్ పెట్టాల్సిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. ఇందులో తల్లుల తప్పు లేదు. పొట్టకూటి కోసం పోయినవాళ్లు వాళ్లు. కానీ బిడ్డ దగ్గర లేకపోవడం అనే బాధ నేరుగా తీస్తే ఏడుపు సినిమా అవుతుంది, చూడలేక లేచి పోతాం. అదే బాధను ఒక పెంకి బొమ్మకు తొడిగితే రెండు గంటలు కూర్చుని, నవ్వుతూ, జడుసుకుంటూ, దాని కళ్లలోకి చూడగలుగుతాం. నవ్వు ఇక్కడ చేసే మేలు ఇది.

వీటికి ఒక హద్దు ఉంది, అది కూడా చెప్పుకోవాలి. ఇవి పెద్దల సినిమాలు. బొమ్మ ఉంది కదా అని పసిపిల్లల ముందు పెడితే, వాళ్లకు నవ్వు భాగం అందదు, భయమే మిగులుతుంది. 1993లో బ్రిటన్‌లో ఒక పసివాడి హత్య జరిగినప్పుడు అక్కడి పత్రికలు చక్కీ మూడో సినిమా మీద నింద వేశాయి. ఆ నేరం చేసిన పిల్లలు దాన్ని చూశారనడానికి ఆధారం దొరకలేదు. సినిమా హంతకులను తయారు చేస్తుందన్న మాట నిలవదు. కానీ ఏ వయసువాళ్లు చూడాలన్నది ఇంట్లో పెద్దలు చూసుకోవాల్సిందే.

తెలుగులో నవ్వు కలిసిన దెయ్యాల సినిమాలకు కొదవ లేదు. 2013 నాటి 'ప్రేమకథాచిత్రమ్', మరుసటి ఏడాది 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది' వరసగా ఆడాయి. వీటి పద్ధతి వేరు. ఇక్కడ నవ్వు కమెడియన్‌ది, భయం దెయ్యానిది. కమెడియన్ జడుసుకుంటే మనం నవ్వుతాం. దెయ్యం మాత్రం నవ్వదు, దానికి ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది, జరిగిన అన్యాయం ఉంటుంది, చివర న్యాయం జరుగుతుంది. 2017లో వచ్చిన 'ఆనందో బ్రహ్మ' మనుషులను చూసి దెయ్యాలే భయపడేలా ఆ లెక్కను తిప్పి రాసి కొత్తదారి చూపింది. అయినా నవ్వించే దుర్మార్గం అనే పూర్తి బరువు మోసే దెయ్యం మనకు రాలేదు. చక్కీకి ఫ్లాష్‌బ్యాక్ కన్నీళ్లు లేవు. అతను చెడ్డవాడు, తన చెడ్డతనం అతనికి సరదా. మన రచయితలకు దెయ్యం మీద జాలి ఎక్కువ. ఆ జాలి మంచిదే, కానీ అది ఉన్నంతకాలం బొమ్మకు కేతిగాడి నాలుక రాదు.

ముడిసరుకు మాత్రం ఇంటి ముందే ఉంది. ఒంగోలులో కొత్తగా కడుతున్న ఏ మేడ ముందు చూసినా దిష్టిబొమ్మ ఉంటుంది. పాత ప్యాంటు చొక్కాలో గడ్డి కుక్కి, కుండకు సున్నంతో కళ్లు, బొగ్గుతో బారు మీసాలు, బయటికి వేలాడే ఎర్రటి నాలుక. పగలు పిల్లలు దాన్ని చూసి ఇకిలిస్తారు, రాత్రి దాని ముందు నుంచి పోవాలంటే అవతలి పక్కకు తప్పుకుంటారు. భయపెట్టే ముఖాన్ని నవ్వొచ్చేలా గీయడం ఇక్కడి చేతులకు ఎప్పుడో అబ్బిన విద్య. కువైట్ బొమ్మ దీనికన్నా మంచి సరుకు. చాలా ఇళ్లలో దాన్ని పిల్లల చేతికివ్వరు. పాడైపోతుందని మీది కవరు కూడా తీయకుండా షోకేసులో నిలబెట్టి అద్దం మూసేస్తారు. ఏళ్ల తరబడి కవరులో ఊపిరాడక, ఆడుకునేవాళ్లు లేక, ఇంట్లో జరిగే ప్రతి తగువూ వింటూ నిలబడ్డ బొమ్మకు కోపం రావడానికి మంత్రగాడు అక్కర్లేదు. దానికి నెల్లూరు యాసలో మాట ఇవ్వాలి, గ్రాఫిక్స్ మాని చేత్తో ఆడించాలి, దాని చేతిలో చచ్చే మేనమామ చివరి దాకా దాన్ని పాత బ్యాటరీ బొమ్మే అనుకోవాలి. బొమ్మకు ప్రాణం పోయడం తెలిసిన తోలుబొమ్మల కుటుంబాలు ఈ జిల్లాల్లో కొన్నయినా ఇంకా ఉన్నాయి, ఆ సినిమా తీసేవాళ్లు మొదట కలవాల్సింది వాళ్లనే.